స్పిరులినాయు మన సంగటిముద్దయు



ఈ మధ్యకాలమున మన కర్నూలు, కడప సీమల పట్టణములందలి మందుల యంగళ్లలో పచ్చని పొడి సీసాలును, పచ్చని మాత్రల డబ్బాలును కానవచ్చుచున్నవి. వానిపై ‘స్పిరులినా’ యను పేరుండును. పట్టణమున నుద్యోగము చేయు కుమారుడు పల్లెలోని తల్లికి పంపును. ఇంటింటికి తిరిగి యమ్మువారు ‘కోడలికి రక్తము పట్టును’ అని చెప్పి యిచ్చిపోవుదురు. మాంసముకంటె బలమనియు, సర్వరోగములను పోగొట్టుననియు చెప్పువారును గలరు. ఇంటి పెద్ద రొక్కము చేతికిచ్చుటకు ముందు మూడు సంగతులు తెలిసికొనవలెను. ఈ వస్తు వేమి? ఇందులో నేమున్నది? మన యింట నెవరికి, ఎంతమేరకు నుపయోగించును? ఈ మూటినిగూర్చియే నేటి ప్రసంగము.

ముందుగా, ఈ విచారణ మన సీమకేల ముఖ్యమో మనవి చేసెదను. ఆహారశాస్త్రముతో మనకొక పాత సంబంధము గలదు. అది దుఃఖముతో గూడినది. 1876 మొదలు 1878 వఱకు సంభవించిన మహాక్షామమును మన పూర్వులు ధాత కరువని చెప్పుకొనెడివారు. ఆ కరువు కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలను మిక్కిలి పీడించెను. 1877 ఆరంభమున సర్ రిచర్డు టెంపుల్ అను నధికారి కరువుపనిలో మట్టి మోయు కూలీలకు దినమునకొక పౌను ధాన్యము, దానిపై స్వల్పమైన రొక్కము చాలునని నిర్ణయించెను. పౌను అనగా సుమారు 450 గ్రాములు. మదరాసు రాజధాని ఆరోగ్యాధికారియైన డాక్టరు కార్నిష్ దీని నెదిరించెను. ధాన్య మా మాత్రము చాలదనియు, దానితో పప్పుధాన్యముకూడ నుండనిదే శరీరము నిలువదనియు నాయన వాదించెను. ఆ సంవత్సరముననే మదరాసు ప్రభుత్వ మా కొలతను విడిచిపెట్టెను. కడుపు నింపుట వేఱు, శరీరమును పోషించుట వేఱు అను సత్యము మన తాతముత్తాతల కష్టమువలన నట్లు బయలుపడినది.

నేడు కరువుపనుల కాలము గడచినది. ఐనను ఆ భేద మింకను పోలేదు. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము, ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత గలదు. ఆఱు నెలలు నిండి అయిదేండ్లు నిండని పిల్లలలో నూటికి 63 మంది యట్టివారే. వీరిలో ననేకులు రెండు పూటల భోజనము చేయువారే. కావున బలమైన యాహారమును వెదకుట తప్పుకాదు. వెదకుచు మోసపోకుండుటయే కావలసినది.

ఇక స్పిరులినా యేమో చూతము. ఇది యాకు గాదు, వేరు గాదు, గింజ గాదు. నీటిలో బ్రతుకు నతిసూక్ష్మమైన యొక జీవము. నీలమును పచ్చదనమును గలసిన రంగుగలది. సూక్ష్మదర్శినిలో చూచినచో మెలితిరిగిన తీగవలె నుండును. ఆ మెలికనుబట్టియే దాని కా పేరు వచ్చినది. శాస్త్రజ్ఞులు దీనిని పాచికంటె సూక్ష్మజీవులకే దగ్గఱి చుట్టముగా నెంచుదురు. దీనికి మంచినీటికంటె చౌటినీరే ప్రియము. మన చవుటినేలలపై తెల్లగా పొంగు చౌడు మీరెఱుగుదురు. పూర్వము చాకలివారు బట్టల మురికి పోగొట్టుటకు దానినే వాడెడివారు. అట్టి క్షారముగల నీటిలో నితర జీవములు బ్రతుకజాలక పోగా, స్పిరులినా మాత్రము వేడిమిలో చక్కగా పెరుగును. మహారాష్ట్రములో బుల్ధానా జిల్లాయందలి లోణార్ అను చౌటిసరస్సులో నిది సహజముగనే యున్నది.

దీనిని తినుట క్రొత్త సంగతి కాదు. మెక్సికో దేశమున టెస్కొకో సరస్సునుండి యచ్చటి ప్రజలు దీనిని వడగట్టి, యెండబెట్టి, బిళ్లలుగా చేసి తినుచుండిరని పదునాఱవ శతాబ్దమున స్పెయిను దేశస్థులు వ్రాసియుంచిరి. ఆఫ్రికాలో చాదు సరస్సు ప్రాంతమున కానెంబు జాతి స్త్రీలు నేటికిని దీనిని తోడి, యిసుకగుంటలలో పోసి, నీరింకిన పిదప ఎండించి, ‘దిహే’ యను పేరుతో సంతల కమ్ముదురు. 1964-65 ప్రాంతమున సహారా యెడారిని దాటి వచ్చిన బెల్జియము దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు లెయొనార్ ఆ పచ్చని బిళ్లలను చూచి, అవి స్పిరులినాయే యని గుర్తించెను. అప్పటినుండి లోకమునకు దీనిపై దృష్టి కలిగినది.

చాదువారు దీనిని తిను పద్ధతి మన సీమవారు శ్రద్ధగా వినదగినది. వారి ముఖ్యాహారము చిఱుధాన్యపు పిండితో కెలకిన ముద్ద. అచ్చముగా మన సంగటియే యనవచ్చును. ఆ ముద్దకు నంజుకొను పులుసులో దిహేను కలిపి కాచుదురు. ఒక్కొక్కరికి సుమారు పది గ్రాములు వచ్చును. అంతియేకాని ముద్దను మాని దిహే మాత్రమే తిని బ్రతుకువా రచ్చట లేరు. ముద్ద ముద్దయే, కూర కూరయే. స్పిరులినా యాహారమునకు తోడు మాత్రమే యనుట కింతకంటె నిదర్శన మక్కఱలేదు.

ఇప్పుడు లెక్క చూతము. ఎండిన స్పిరులినా నూఱు గ్రాములలో మాంసకృత్తులు సుమారు 57 గ్రాములును, ఇనుము సుమారు 28 మిల్లీగ్రాములును గలవు. కందిపప్పులో నూటికి 22, వేరుసెనగలో నూటికి 24 మాత్రమే మాంసకృత్తు లుండును. దీని కణములకు కట్టెవంటి గట్టి పొర లేదు గనుక సులభముగా జీర్ణించును. డబ్బాపై వ్రాయు ఘనతలు చాలవఱకు ఈ నూఱు గ్రాముల లెక్కలే. అవి యబద్ధములు కావు. కాని నూఱు గ్రాముల స్పిరులినా నెవరు తిందురు? రుచి పాచివలె నుండును, వెల యెక్కువ. సాధారణముగా తినునది దినమునకు మూడు గ్రాములో, అయిదు గ్రాములో. అయిదు గ్రాములనగా అఱతులముకంటె తక్కువ, రెండు చిన్న చెంచాల పొడి. అఱగ్రాము మాత్రలైనచో పది మాత్రలు.

ఆ యయిదు గ్రాములలో మాంసకృత్తులు మూడు గ్రాములకు లోపు. ఇనుము దాదాపు ఒకటిన్నర మిల్లీగ్రాము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణముల ప్రకారము, 55 కిలోల బరువుగల స్త్రీకి దినమునకు మాంసకృత్తులు 46 గ్రాములును, ఇనుము 29 మిల్లీగ్రాములును కావలెను. అనగా రెండు చెంచాల స్పిరులినా యామె మాంసకృత్తులలో పదునైదవ పాలును, ఇనుములో నిరువదవ పాలును మాత్రమే తీర్చును. గుప్పెడు వేరుసెనగపప్పు, అనగా 25 గ్రాములు, అంతకు రెండింతల మాంసకృత్తుల నిచ్చును. 50 గ్రాముల యులవలు పదునొకండు గ్రాముల మాంసకృత్తులను, నాలుగు మిల్లీగ్రాముల యినుమును ఇచ్చును. ఈ మూటి వెలలను మీ యూరి యంగడిలో విచారించి ప్రక్కప్రక్కన వ్రాసి చూచుకొనుడు. సీసా కొనుటయా మానుటయా యన్నది దానితోనే సగము తేలును.

అట్లైన స్పిరులినా వలన ప్రయోజనమే లేదా? కలదు. తక్కువ మోతాదులో నెక్కువ మేలు చేయు గుణ మొకటి దానిలో నున్నది. అది కెరొటిన్ అను పదార్థము. మన శరీరము దీనిని ఏ విటమినుగా మార్చుకొనును. ఏ విటమిను చాలని పిల్లలకు రేచీకటి కలుగును. కంటి తెల్లగ్రుడ్డుపై నురుగువంటి మచ్చ లేర్పడును. ముదిరినచో చూపే పోవును. తమిళనాడులో పుదుక్కోట జిల్లాయందు మదరాసులోని మురుగప్ప చెట్టియారు పరిశోధనా కేంద్రమువారు, సి. వి. శేషాద్రి నాయకత్వమున, 1990 తరువాతి తొలి సంవత్సరములలో అయిదువేల మంది పసిపిల్లలకు దినమునకొక గ్రాము చొప్పున 150 దినములు స్పిరులినా నిచ్చిరి. ఆ పిల్లల కన్నులలోని మచ్చలు చాలవఱకు తగ్గినవని వారు నివేదించిరి. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులును పిల్లలపై పరీక్షించి, స్పిరులినాలోని కెరొటిన్ శరీరమునకు చక్కగా నందునని 1991లో ప్రకటించిరి. ఆకుకూర ముట్టని, నాలుగు ముద్దలకే చాలించు పిల్లకు ఒక గ్రాము పొడి సాయపడునని దీనివలన తెలియుచున్నది. పొడి యెండలో చాలసేపు ఎండినను, చిరకాలము నిలువయున్నను ఆ గుణము తగ్గిపోవును. మన పెరటిలోని మునగాకులోను కెరొటిన్ పుష్కలముగా నున్నదని మఱువరాదు.

ఇక మిక్కిలి జాగ్రత్తతో వినవలసిన సంగతి. స్పిరులినాలో బి-12 విటమిను సమృద్ధిగా నున్నదని కొన్ని డబ్బాలపై వ్రాయుదురు. మాంసము, గ్రుడ్డు ముట్టనివారు దీనిని నమ్మి కొందురు. స్పిరులినా మాత్రలలోని యా పదార్థములో నధికభాగము నిజమైన బి-12 కాదని, దాని పోలికగల మిథ్యాపదార్థమని, మన శరీరమునకు పనికిరాదని జపాను శాస్త్రజ్ఞులు 1999లో నిరూపించిరి. ఇది చిన్న సంగతి కాదు. బి-12 తఱిగినవారికి అరికాళ్లలో తిమ్మిరియు మంటయు, నాలుక నున్నబడుట, నడకలో తూలుట, మఱపు కలుగును. సరియైన మందు పడక చిరకాలము గడచినచో నరముల నష్టము మరల కుదురక పోవచ్చును. స్పిరులినా తినుచున్నాము గదాయని యట్టివారు వైద్యుని వద్దకు పోకుండుటయే ప్రమాదము. పాలు, పెరుగు, మజ్జిగ, గ్రుడ్లు, చేపలు, మాంసము — నిజమైన బి-12 వీనిలో నున్నది. లోపము కలిగిన పిదప వైద్యు డిచ్చు మందే శరణ్యము.

మధుమేహము మానుననియు, పుట్టకురుపు కరగుననియు చెప్పు మాటలను నమ్మరాదు. కొన్ని చిన్న పరీక్షలలో రక్తములోని క్రొవ్వు కొంత తగ్గినట్లు కానవచ్చినను, అది మందును మానుట కాధారము కాదు. మన దేశమున 2016లో చేసిన నిబంధనల ప్రకారము ఇట్టి యనుబంధాహారపు డబ్బాపై, ఇది యౌషధముగా వాడుటకు గాదని వ్రాయవలెను. కన్నద్దములు పెట్టుకొని యా మాటను వెదకి చదువుడు. ఆహారభద్రతా సంస్థవారి పదునాలుగంకెల లైసెన్సు సంఖ్యయు, తయారైన తేదీయు లేని పొడిని కొనకుడు. ఏలయన, స్పిరులినా తాను పెరిగిన నీటిలోని సీసము, పాదరసము మొదలగు విషలోహములను తనలోనికి లాగికొనును. పెంచిన తొట్టి శుభ్రముగా లేనిచో కాలేయమును చెఱచు వేఱు పాచివిషము దానిలో కలియవచ్చును.

ఇందువలననే యింకొక హెచ్చరిక. వేసవిలో మన చెఱువులలోను, కుంటలలోను నీరు తగ్గి పచ్చగా మీగడ కట్టును. అది స్పిరులినా కాదు. దానిలో పశువులను చంపగల విషముగల జాతు లుండవచ్చును. దానిని తోడి యెండబెట్టి తినుటకు గాని, పశువులకు పెట్టుటకు గాని యెవరును సాహసింపరాదు. తినదగిన స్పిరులినాను శుభ్రమైన తొట్లలో, వంటసోడాయు నితర లవణములును కొలతప్రకారము కలిపిన నీటిలో, మేలైన విత్తనముతో పెంచి, దినమునకు పలుమాఱులు కలియబెట్టి, సన్నని గుడ్డలో వడియగట్టి, పిండి, ఆఱబెట్టుదురు. తమిళనాడులో మధుర ప్రాంతమున స్త్రీలిట్లు చేయుచు వచ్చిరి. తొట్టి పెట్టుము, సరకంతయు మేమే కొందుమని వాగ్దానము చేయువారు మన సీమకును రావచ్చును. చదరపు మీటరు తొట్టినుండి దినమునకు పది గ్రాముల యెండుపొడి వచ్చుటయే యెక్కువ. మన యెండలకు నీ రావిరియైపోవును. పరీక్షల ఖర్చు, అమ్మకపు మార్గము తెలిసికొనక అప్పుచేసి దిగుట తగదు.

ఒకవేళ వాడదలచినచో పద్ధతి యిది. మొదటి వారము పెద్దలకు దినమున కొక గ్రాముతో ప్రారంభించి, కడుపు కొప్పినపుడు మూడు గ్రాములవఱకు, మించిన అయిదు గ్రాములవఱకు పెంచవచ్చును. వేడి కూరలో మరగింపక, సంగటి పిసికిన మజ్జిగలోనో, చల్లారిన వేరుసెనగ చట్నీలోనో, కారపుపొడిలోనో కలిపిన రుచి మఱుగుపడును, గుణమును నిలుచును. నిమ్మరసముగాని యుసిరికగాని తోడైనచో ఇనుము బాగుగా నొంటబట్టును. భోజనముతో టీ త్రాగినచో ఆ యినుము చాలవఱకు వ్యర్థమగును. సీసా మూత గట్టిగా పెట్టి, వెలుతురు తగులని చల్లని తావున నుంచవలెను. గర్భిణులు, పాలిచ్చు తల్లులు, రక్తము పలుచనగుటకు మందు తినువారు, కీళ్లవాతము మొదలగు వానికి రోగనిరోధకశక్తిని తగ్గించు మందులు వాడువారు, యూరిక్ ఆమ్లము హెచ్చినవారు వైద్యుని యడుగక దీనిని ముట్టరాదు. పసిపిల్లలకును వైద్యుని మాటపైననే యీయవలెను.

ఐతే ఆ సీసాకు పెట్టు రొక్కము చేతనున్నపుడు, ముందుగా మన వంటయింటిని పరిశీలింతము. మన పెద్దలు కట్టిన భోజనక్రమము తెలివిలేనిది కాదు. నూఱు గ్రాముల రాగులలో కాల్షియ మను సున్నపుధాతువు 360 మిల్లీగ్రాములకు పైగా నున్నది. తెల్లబియ్యములో పది మిల్లీగ్రాములైనను లేదు. నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానమువారు కొఱ్ఱలలో సూర్యనంది యను మేలురకమును మన రైతులకే యిచ్చిరి. జొన్నరొట్టెతో పుంటికూర, రాగిసంగటితో ఉలవచారు, కొఱ్ఱన్నముతో పప్పు, మునగాకుతో కూర, వేరుసెనగ చట్నీ — ఇవి యన్నియు ధాన్యమునకు పప్పును, పప్పునకు ఆకును తోడుచేసిన జతలు. డాక్టరు కార్నిష్ కరువుకాలమున నడిగినదియు నిట్టి జతయే. బియ్యము చవుకగా వచ్చిన పిదప మన మా జతను విడదీసి, పళ్లెము నిండ తెల్లయన్నమును, దానిపై పలుచని చారును మిగుల్చుకొంటిమి. విడిపోయిన జతను చెంచాడు పచ్చపొడి కలుపజాలదు.

రక్తహీనత నిశ్చయముగా నున్నచో ఆహార మొక్కటియే చాలదు. ప్రభుత్వాసుపత్రిలో రక్తపరీక్ష చేయింపవలెను. గర్భిణికి 180 దినములపాటు దినమున కొకటి చొప్పున నుచితముగా నిచ్చు ఇనుపమాత్ర యొక్కొక్కదానిలో 60 మిల్లీగ్రాముల యినుము గలదు. ఇంత యినుము స్పిరులినావలన రావలెనన్న దినమునకు రెండువందల గ్రాములకు పైగా తినవలెను. మలము నల్లబడెననియో, వికారము కలిగెననియో ఆ మాత్రలను చూరులో దోపువారు గలరు. నలుపు సహజమే, వికారము కలిగినచో భోజనానంతరము రాత్రివేళ మ్రింగవచ్చును. ఉచితముగా వచ్చిన మందును పాఱవైచి, వెలపెట్టి దానిలో నలువదవ పాలు బలము నిచ్చు వస్తువును తెచ్చుట యే లెక్కకు సరిపోవును?

కడపట నొక్క మాట. మన యిండ్లలో మగవారును, పిల్లలును తినిన పిదప, అత్తగారును తినిన పిదప, కోడలు తినును. అప్పటికి పప్పు అడుగంటి యుండును. కూర చట్టిలో పులుసు మాత్రము మిగులును. ఆమెకు అన్నము కొఱత యుండదు. అన్నముతో నుండవలసినదే కొఱత. బిడ్డను మోయుచున్నది యామెయే, చేనిలో కలుపు తీయుచున్నది యామెయే, రక్తహీనత యధికముగా నున్నదియు నామెకే. ఈ వరుసను మార్చుటకు వైద్యుడు రాజాలడు, అధికారి రాజాలడు. ఇంటి పెద్ద ‘అమ్మా, నీవును మాతో కూర్చుండుము, పప్పు నీకు ముందు వడ్డించుకొనుము’ అని చెప్పినచో నది నేటి రాత్రియే మాఱును, ఖర్చు లేదు. ఆ పిమ్మట రొక్కము మిగిలియుండి, వైద్యుడు సరేయన్నచో, స్పిరులినా డబ్బా కొనుడు, దోషము లేదు.